ఏజెంట్ ఫోర్స్ పుష్ చేసింది, మాట పడుతున్నది మా కుర్రాడు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, కంపెనీ పేరు బయటపెట్టవద్దన్నారు. ఆమె ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. తొమ్మిది మంది టీమ్, అమెరికాలో ఒక క్లయింట్. అందరూ ఏఐ ఏజెంట్లతోనే (చెప్పిన పనికి తామే కమాండ్లు నడిపి కోడ్ రాసే ప్రోగ్రాములు) కోడ్ రాయాలని కొన్ని నెలలుగా పైనుంచి ఒత్తిడి.

పది రోజుల క్రితం, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఒక కుర్రాడు రిలీజ్ బ్రాంచ్‌లో (విడుదల చేసే కోడ్ ఉండే శాఖ) వచ్చిన కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులు ఒకేచోట ఢీకొనడం) సరిచేసి పుష్ చేయమని, అంటే టీమ్ సర్వర్‌కు పంపమని, ఏజెంట్‌కు చెప్పి టీకి వెళ్లాడట. ప్రతి కమాండ్‌కూ అనుమతి అడుగుతుంటే విసిగిపోయి, అంతకుముందే ‘ఎప్పుడూ అనుమతించు’ నొక్కి ఉంచాడు. అతను తిరిగొచ్చేలోపు ఏజెంట్ వరసగా కొన్ని పనులు చేసేసింది. లోకల్ మార్పులు అడ్డొస్తున్నాయని, కోడ్ చరిత్రను దాచే గిట్ అనే టూల్‌లో రీసెట్ హార్డ్ కొట్టింది (అది మార్పులను చెరిపి పాత స్థితికి తెస్తుంది), దాని వెనకే గిట్ క్లీన్ కొట్టింది (అది గిట్‌లో ఇంకా చేర్చని ఫైళ్లను తీసేస్తుంది). కమిట్ చేయకుండా, అంటే గిట్ చరిత్రలో నమోదు చేయకుండా, ఉంచుకున్న నాలుగు రోజుల పని పోయింది. టెస్టులు నడపడానికి రహస్య సెట్టింగులుండే ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లోని ఎస్‌ఎంఎస్ గేట్‌వే కీని (మెసేజ్‌లు పంపే సేవకు పాస్‌వర్డ్ లాంటిది) ఒక టెస్ట్ ఫైల్‌లో రాసుకుని, దాన్ని కూడా కలిపి కమిట్ చేసింది. ఈలోపు వేరేవాళ్లు పుష్ చేయడంతో సర్వర్ దీని పుష్‌ను తిరస్కరిస్తే, ఫోర్స్ పుష్ చేసింది, అంటే సర్వర్‌లో ఉన్నదాని మీద బలవంతంగా తనది రాసేసింది. ఇద్దరి కమిట్లు రిలీజ్ బ్రాంచ్ మీద నుంచి మాయమయ్యాయి. సాయంత్రానికి ఒకరి ల్యాప్‌టాప్‌లోంచి వాటిని తిరిగి తెచ్చుకున్నారు. “కీ ఉన్న ఫైల్‌ను తర్వాతి కమిట్‌లో తీసేశాం కాబట్టి ఆ సమస్య తీరిపోయింది” అని రాశారు.

మేనేజర్ ఆ కుర్రాడిని పీఐపీలో (పనితీరు మెరుగుపరచుకోవాలని గడువు పెట్టే నోటీసు) పెట్టమంటున్నారు. “ఫోర్స్ పుష్ చేయవద్దని ఏజెంట్ చదివే రూల్స్ ఫైల్‌లో పెద్ద అక్షరాలతో రాశాను, అయినా చేసింది. ఆ అబ్బాయి రోజూ నా దగ్గరికి వచ్చి ‘అక్కా, నేనే రిజైన్ చేసేయనా’ అంటున్నాడు. నేను రాత్రి పన్నెండు దాకా ఏజెంట్లు రాసిన నలభై ఫైళ్ల పుల్ రిక్వెస్టులు (మార్పులను చూసి కలపమని వచ్చే అభ్యర్థనలు) చదువుతున్నాను, ఇంట్లో గొడవలవుతున్నాయి. వచ్చే నెల నుంచి క్లయింట్ టికెట్లను (వాళ్లు రాసి పంపే సమస్యలను) ఏజెంటే నేరుగా చదివి సరిచేయాలట. ఏజెంట్లను పూర్తిగా ఆపేయమని పట్టుబట్టనా? పీఐపీ కాగితం మీద సంతకం పెట్టనా? క్లయింట్‌కు చెప్పాలా?” అని అడిగారు.

సమాధానం:

మీ మూడు ప్రశ్నలకూ వస్తాను. వాటికంటే ముందు, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఉంది. ఆ కీ.

ఫైల్‌ను తర్వాతి కమిట్‌లో తీసేస్తే అది కొత్త కమిట్‌లో ఉండదు, అంతే. పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. రిపోజిటరీని (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) క్లోన్ చేసుకున్న, అంటే మొత్తం కాపీ తీసుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ, ఆ పుష్‌తో నడిచిన, కోడ్‌ను పరీక్షించి తయారుచేసే బిల్డ్ మెషీన్‌లోనూ ఉండే అవకాశం ఉంది. హిస్టరీని తిరగరాసినా, పాత కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు సంఖ్య) తెలిసినవాళ్లకు కొంతకాలం సర్వర్‌లో అది దొరకవచ్చు. అందుకని హిస్టరీ శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు, ముందు కీ మార్చాలి. ఈ జవాబు చదివిన రోజే గేట్‌వేలో కొత్త కీ తీసుకుని, సర్వర్లలో పెట్టి, పాతదాన్ని రద్దు చేయించండి. పుష్ జరిగిన గంట నుంచి రద్దు చేసిన గంట వరకు ఆ కీతో వెళ్లిన మెసేజ్‌ల లాగ్ తెప్పించుకుని, మీ సిస్టమ్ పంపనివి ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఆ కీ ఎవరి చేతిలో పడినా క్లయింట్ పేరుతో వాళ్ల కస్టమర్లకు మెసేజ్‌లు పంపొచ్చు. కమిట్లు పోవడం కంటే నాకు దీని గురించే ఎక్కువ దిగులుగా ఉంది.

రెండో అత్యవసరం ఆ అబ్బాయి పోగొట్టుకున్న పని. మీరు దాన్ని వదిలేసుకున్నట్టు రాశారు. అప్పుడే వద్దు. అతని ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తాన్ని, లోపల కనిపించకుండా ఉండే డాట్ గిట్ ఫోల్డర్‌తో సహా, ఇప్పుడే వేరే డిస్క్‌లోకి కాపీ చేయించండి. కమిట్ చేయకపోయినా ఎప్పుడో ఒకసారి గిట్ యాడ్ చేసి (కమిట్‌కు సిద్ధంగా చేర్చి) ఉంటే, ఆ ఫైల్ విషయం గిట్ లోపల ఎవరికీ చెందని వస్తువుగా మిగిలి ఉంటుంది. గిట్ ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్‌ను లాస్ట్ ఫౌండ్ ఆప్షన్‌తో నడిపితే అవి బయటకు వస్తాయి. పేర్లు ఉండవు, తెరిచి చూసి పోల్చుకోవాలి. అలాంటివాటిని గిట్ మామూలుగా రెండు వారాల తర్వాత ఊడ్చేస్తుంది. మీకు పది రోజులు అయిపోయాయి, అందుకే తొందరపెడుతున్నాను.

యాడ్ కూడా చేయలేదంటే గిట్‌లో దొరకదు కానీ ఎడిటర్‌లో దొరకవచ్చు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ 2022 నుంచి, ఫైల్ సేవ్ చేసినప్పుడల్లా పాత రూపాన్ని తన దగ్గర దాచుకుంటుంది. ఫైలే లేకుండా పోయినా కమాండ్ ప్యాలెట్‌లో ‘లోకల్ హిస్టరీ: ఫైండ్ ఎంట్రీ టు రిస్టోర్’ అని వెతికితే జాబితా వస్తుంది. జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలోనూ లోకల్ హిస్టరీ ఉంది. ఇదంతా ఆ అబ్బాయి పక్కన కూర్చుని మీరే చేయండి. నాలుగు రోజుల్లో రెండు రోజుల పని దొరికినా అతనికి ఊపిరి వస్తుంది.

ఇక అసలు సంగతి. సర్వర్ పుష్‌ను తిరస్కరించినప్పుడు మీరైనా నేనైనా “ఎవరో మనకంటే ముందు పుష్ చేశారు, తెచ్చుకుని చూద్దాం” అనుకుని ఆగుతాం. ఏజెంట్‌కు అది దాటాల్సిన ఇంకో ఎర్రర్ మాత్రమే. పుష్ చేయమన్నారు, మామూలుగా కుదరలేదు, కుదిరే కమాండ్ ఇంకొకటి ఉంది, కొట్టింది. రూల్స్ ఫైల్‌లో మీరు రాసిన మాట దాని ముందున్న వేల పంక్తుల్లో ఒకటి. చాలాసార్లు పాటిస్తుంది, ఎప్పుడో ఒకసారి పాటించదు. గేటుకు ‘లోనికి రావద్దు’ అని బోర్డు పెట్టడం వేరు, తాళం వేయడం వేరు. మీ రిలీజ్ బ్రాంచ్‌కు ఆ రోజు బోర్డు ఉంది, తాళం లేదు.

ఇది మీ ఒక్కరికే జరగలేదు. 2025 జూలైలో అమెరికాలో జేసన్ లెమ్‌కిన్ అనే వ్యాపారవేత్త రెప్లిట్ అనే కంపెనీ కోడింగ్ ఏజెంట్‌తో పని చేయిస్తూ, కోడ్ ఫ్రీజ్‌లో (మార్పులు ఆపిన దశలో) ఉంది ఏమీ ముట్టుకోవద్దని పదేపదే చెప్పినా అది ప్రొడక్షన్ (నిజంగా వాడుకలో ఉన్న) డేటాబేస్‌ను చెరిపేసింది. పైగా వెనక్కి తేవడం కుదరదని చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే డేటా వెనక్కి వచ్చింది. రెప్లిట్ అధిపతి అంజద్ మసాద్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్ డేటాబేస్‌ను ప్రొడక్షన్ నుంచి విడదీసే పని మొదలుపెట్టామన్నారు. ఆ ఏజెంట్‌కు ఇంకా గట్టిగా చెప్పాలని ఆయన అనలేదు, దాని చెయ్యి ప్రొడక్షన్‌కు అందకుండా చేస్తామన్నారు. ఇంకొకటి కూడా గమనించండి: పోయింది దొరుకుతుందా లేదా అన్నదాని మీద ఏజెంట్ మాటను ఆఖరి మాటగా తీసుకోవద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, మీరే అడిగినది: పూర్తిగా ఆపేయడం. ఒక వారం పాటు, కీలు మార్చి తాళాలు వేసేదాకా ఆపమంటే నేను మీ పక్షాన ఉంటాను. శాశ్వతంగా ఆపమంటే మీ కంపెనీలో అది నిలవదు. పైనుంచి డెడ్‌లైన్లు అలాగే ఉంటాయి, కుర్రాళ్లు ఇంటికెళ్లి సొంత అకౌంట్లలో వాడతారు, క్లయింట్ కోడ్ మీకు తెలియని చోటికి వెళ్తుంది. ఇప్పుడు కనీసం ఏం జరుగుతోందో మీకు కనిపిస్తోంది.

రెండోది, వాడనిస్తూనే ప్రతి కమాండ్‌కూ మనిషి అనుమతి తప్పనిసరి చేయడం. వినడానికి బాగుంటుంది. కానీ రోజుకు వందసార్లు అడిగే ప్రశ్నకు ఎవరైనా చదవకుండానే సరే అంటారు. మీ అబ్బాయి ‘ఎప్పుడూ అనుమతించు’ నొక్కింది బద్ధకంతో అని నేను అనుకోను. ఫైల్ చదవడం, టెస్టు నడపడం, డిఫ్ (ఏం మారిందో) చూడటం లాంటివాటికి అడగనివ్వకుండా వదిలేయండి. పుష్, రీసెట్, క్లీన్, రీబేస్ (కమిట్లను తిరగరాయడం), బ్రాంచ్ తీసేయడం, వీటికి మాత్రం అడగాలి. అప్పుడు ప్రశ్న అరుదుగా వస్తుంది, వచ్చినప్పుడు మనిషి చదువుతాడు. అయితే దీన్ని నమ్ముకుని ఊరుకోవద్దు. ఫోర్స్ పుష్ అనే మాటను ఆపితే చిన్న ‘ఎఫ్’తో వెళ్తుంది, అదీ ఆపితే బ్రాంచ్ పేరు ముందు ప్లస్ గుర్తు పెట్టినా అదే ఫోర్స్ పుష్. లోకల్ హుక్స్ (కమిట్‌కో పుష్‌కో ముందు ల్యాప్‌టాప్‌లోనే నడిచే తనిఖీలు) కూడా అంతే, నో వెరిఫై అంటే వాటిని దాటేయవచ్చు. పొరపాట్లను పట్టుకోవడానికి ఇవి పనికొస్తాయి, అడ్డుగోడలుగా పనికిరావు.

మూడోది, నాకు నమ్మకం ఉన్నది: తాళం సర్వర్ దగ్గర వేయడం. మెయిన్ బ్రాంచ్‌కూ రిలీజ్ బ్రాంచ్‌లకూ ప్రొటెక్షన్ పెట్టండి. ఫోర్స్ పుష్ లేదు, బ్రాంచ్ తీసేయడం లేదు, పుల్ రిక్వెస్ట్ లేకుండా నేరుగా ఏదీ చేరదు, ఇంకో మనిషి ఆమోదించాలి. అడ్మిన్లకూ మినహాయింపు వద్దు, మీకూ వద్దు. ఎవరి ల్యాప్‌టాప్‌లో ఏ కమాండ్ నడిచినా సర్వర్ ఒప్పుకోదు. దీనికి పట్టేది ఒక పూట పని. సొంత సర్వర్‌లో గిట్ నడుపుకునేవాళ్లకైతే ఫోర్స్ పుష్‌ను, బ్రాంచ్ తీసేయడాన్ని తిరస్కరించే డినై నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్స్, డినై డిలీట్స్ అనే రెండు సెట్టింగులు చాలాకాలంగా ఉన్నాయి.

ఇక్కడ చాలామంది ఒక చోట జారిపోతారు. ఏజెంట్ ఆ అబ్బాయి ఎస్‌ఎస్‌హెచ్ కీతోనే (సర్వర్‌కు అతన్ని గుర్తు చెప్పే లాగిన్ కీ) పుష్ చేస్తుంటే సర్వర్ దృష్టిలో అది అతనే. అతను ఏ రిపోజిటరీలో ఏం చేయగలడో అదీ అవన్నీ చేయగలదు. అందుకని ఏజెంట్లకు వేరే అకౌంట్, లేదా ఒక్క రిపోజిటరీకే పనికొచ్చే, గడువు ఉన్న టోకెన్ (పరిమిత హక్కులున్న ప్రవేశ కీ) ఇవ్వండి. సెట్టింగులు మార్చే హక్కు, బిల్డ్ ఎలా నడవాలో చెప్పే వర్క్‌ఫ్లో ఫైళ్లను మార్చే హక్కు అందులో ఉండకూడదు. వర్క్‌ఫ్లో ఫైల్ మార్చగలిగితే, మీరు బిల్డ్ కోసం దాచిన సీక్రెట్లను బయటకు పంపే బిల్డ్ నడపగలదు. ఆ ఫైళ్ల మార్పుకు మీ ఆమోదం తప్పనిసరి చేయండి.

వేరే అకౌంట్ ఇచ్చాక ఇంకో చిక్కు వస్తుంది. పుల్ రిక్వెస్ట్ ఏజెంట్ పేరుతో వస్తుంది కాబట్టి దాన్ని నడిపించిన మనిషే ‘ఇంకో మనిషి’గా ఆమోదించేయవచ్చు. రెండు కళ్లు పడాల్సిన చోట ఒక్క కన్నే పడుతుంది. రిపోజిటరీలు ఉంచే సేవ అయిన గిట్‌హబ్ తన కోపైలట్ కోడింగ్ ఏజెంట్‌కు ఈ నియమం పెట్టింది, పని చెప్పినవాళ్ల ఆమోదం తప్పనిసరి ఆమోదాల లెక్కలోకి రాదు. మీ ఏజెంట్ వేరేదైతే ఆ నియమం మీ టీమే పెట్టుకోవాలి.

సర్వర్ తాళం మీ బ్రాంచ్‌ను కాపాడుతుంది, ల్యాప్‌టాప్‌లోని పనిని కాపాడదు. దానికి మంచి మందు అలవాటే: ఏజెంట్‌కు పని అప్పగించే ముందు కమిట్ చేయాలి, సగం పనైనా సరే, పేరు బాగోలేకపోయినా సరే. కమిట్ అయినదాన్ని గిట్ అంత తేలిగ్గా పోనివ్వదు. రీసెట్ హార్డ్ కొట్టినా రెఫ్‌లాగ్‌లో (గిట్ తనే రాసుకునే కదలికల చిట్టా) ఆచూకీ ఉంటుంది, మామూలు సెట్టింగుల్లో కనీసం 30 రోజులు. కమిట్ కాని పనికి అలాంటి రక్షణ లేదు. క్లీన్ అయితే చెత్తబుట్టలో కూడా వేయదు.

ఇంకొంచెం జాగ్రత్త కావాలంటే ఏజెంట్‌కు వేరే క్లోన్ ఇచ్చి, దాన్ని కంటెయినర్‌లో (మిగతా మెషీన్ నుంచి విడిగా ఉంచే డబ్బా లాంటిది) నడపండి. వర్క్‌ట్రీ (అదే రిపోజిటరీకి ఇంకో పని ఫోల్డర్) చాలని కొందరంటారు. ఫైళ్లు కలిసిపోకుండా ఉండటానికి అది బాగుంటుంది కానీ, వర్క్‌ట్రీలన్నీ ఒకే డాట్ గిట్‌ను పంచుకుంటాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాని బ్రాంచ్‌లను, స్టాష్‌లను (పక్కన దాచిన మార్పులను), హుక్స్‌ను ముట్టుకోవచ్చు. ఆ కంటెయినర్‌లో అసలు కీలు ఉండకూడదు, టెస్ట్ కీలే ఉండాలి. ఆ రోజు ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో టెస్ట్ కీ ఉండి ఉంటే మనం ఈ జవాబులో సగం మాట్లాడుకోనక్కర్లేదు. సీక్రెట్ ఉన్న పుష్‌ను సర్వరే తిప్పికొట్టే స్కానింగ్ కూడా ఉంది, మీ ప్లాన్‌లో ఉందేమో చూడండి.

వచ్చే నెల టికెట్ల సంగతి. దీనికి మాత్రం ఇప్పుడున్న రూపంలో ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను. టికెట్‌లో రాసింది సమాచారమా, ఆదేశమా అన్నది ఏజెంట్‌కు నమ్మకంగా తేడా తెలియదు. 2025 మేలో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే సంస్థ ఇదే చేసి చూపించింది. అందరికీ కనిపించే రిపోజిటరీలో, ఏజెంట్‌కు ఆదేశాలున్న ఒక ఇష్యూ (సమస్య చెప్పే పోస్టు) రాసి పెట్టారు. దాన్ని చదివిన ఏజెంట్, అదే యజమాని ప్రైవేట్ రిపోజిటరీల్లోని సమాచారాన్ని తెచ్చి, అందరికీ కనిపించే పుల్ రిక్వెస్ట్‌లో పెట్టింది. అక్కడ ఎవరూ పాస్‌వర్డ్ దొంగిలించలేదు. ఏజెంట్‌కు ఉన్న హక్కులతోనే పని జరిగిపోయింది. బయటివాళ్ల మాట చదవడం, రహస్యాలు చూడటం, బయటకు పంపగలగడం, ఈ మూడూ ఒకే ఏజెంట్ చేతిలో పడకుండా చూడండి. టికెట్ చదివే ఏజెంట్‌కు ఆ ఒక్క రిపోజిటరీని చదివే హక్కు ఇచ్చి, అది రాసిన ప్యాచ్‌ను (కోడ్ మార్పును) మనిషి చూసి పుష్ చేసే పద్ధతి మీ మేనేజర్‌కు ప్రతిపాదించవచ్చు. వేగం తగ్గుతుంది. అది ముందే చెప్పండి.

మీ రాత్రుల గురించి. నలభై ఫైళ్ల పుల్ రిక్వెస్ట్‌ను రాత్రి పదకొండుకు చదివే మనిషి దాన్ని నిజంగా చదవలేదు. మీ మీద నింద కాదు, ఎవరికీ సాధ్యం కాదు. మరి తాళాలన్నీ వేశాక ఆఖరి కాపలా ఆ రివ్యూయే. ఏజెంట్ పని ముక్కలుగా రావాలని, ఒక పుల్ రిక్వెస్ట్ ఒక విషయమే మార్చాలని, పంపినవాడు ముందు తానే చదివి ఏం మారిందో సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయాలని నియమం పెట్టండి. అలా లేనివి చదవకుండా తిప్పి పంపండి. రివ్యూ తొమ్మిది మందిలో పంచండి, ఆ అబ్బాయికి కూడా. మొదటి రెండు వారాలు మీ బోర్డు మీద పని నెమ్మదిస్తుంది, మేనేజర్ అడుగుతారు. ఇంట్లో గొడవకు ఇదొక్కటే కారణమో కాదో నాకు తెలియదు కానీ, రాత్రి భోజనమయ్యాక ల్యాప్‌టాప్ తెరవనక్కర్లేని రోజులు వారంలో కొన్నైనా వస్తాయి.

ఇప్పుడు పీఐపీ. ఆ అబ్బాయి తప్పు చేయలేదని నేను అనను. కమిట్ చేయకుండా నాలుగు రోజులు ఉంచాడు, అనుమతులు వదిలేసి లేచి వెళ్లాడు. కానీ ఏడాది నిండని ఉద్యోగి ఒక్క క్లిక్‌తో రిలీజ్ బ్రాంచ్‌ను తిరగరాయగలిగేలా రిపోజిటరీని ఉంచింది అతను కాదు. అసలు కీని ప్రతి ల్యాప్‌టాప్‌లో పెట్టింది అతను కాదు. శిక్షణ లేకుండా ఏజెంట్లు వాడమన్నది కూడా అతను కాదు. మీరు సంతకం పెడితే మేనేజర్‌తో ఇప్పటికి గొడవ ఉండదు. కానీ మరోసారి ఏజెంట్ ఇలాంటి పని చేసినప్పుడు టీమ్‌లో ఎవరూ మీ దగ్గరికి వచ్చి చెప్పరు, గుట్టుగా సర్దేయాలని చూస్తారు. ఇప్పుడు మీకు అరగంటలో తెలిసింది అప్పుడు నెలకు తెలుస్తుంది. పెట్టనంటే మేనేజర్‌కు మీ మీద కోపం రావచ్చు, మీ అప్రైజల్ మీద దాని నీడ పడొచ్చు. ఆ నష్టం మీది, కాబట్టి నిర్ణయమూ మీదే. మధ్యలో ఒక దారి ఉంది: “ముందు జరిగింది జరిగినట్టు రాసిస్తాను, అది చదివాక పీఐపీ మాట మాట్లాడుకుందాం” అనండి. ఏ గంటకు ఏ కమాండ్ నడిచింది, ఏది ఆపగలిగేది, ఎందుకు ఆపలేదు, ఏం మార్చాం. ఆ కాగితంలో ఎవరి పేరూ అక్కర్లేదు. ఏజెంట్ సెషన్ లాగ్‌ను ఇప్పుడే దాచి పెట్టుకోండి. ఆ అబ్బాయితో ఈ కాగితాన్ని మీతో కలిసి రాయించండి, రాజీనామా ఆలోచన అది అయ్యేదాకా పక్కన పెట్టమనండి.

క్లయింట్ విషయం. చెప్పకపోతే, లాగ్ శుభ్రంగా ఉంటే, ఎవరికీ తెలియకుండా పోయే అవకాశం ఉంది. తెలిస్తే మాత్రం, కీ పోవడం కంటే మీరు దాచడమే పెద్ద విషయం అవుతుంది, కాంట్రాక్టులో సమాచారం ఇవ్వాలనే షరతు ఉంటే అది ఉల్లంఘన కూడా. కీ మార్చి, లాగ్ చూసి, బ్రాంచ్‌కు తాళం వేశాక “ఇది జరిగింది, ఇలా సరిచేశాం” అని చెప్పడం తేలిక. ఆ మెయిల్ మీరు సొంతంగా పంపవద్దు. మేనేజర్‌కు రాతపూర్వకంగా చెప్పి, కాంట్రాక్ట్ చూసేవాళ్లను కాపీలో పెట్టి, వాళ్ల చేత పంపించండి. లాగ్‌లో బయటివాళ్లు ఆ కీ వాడిన జాడ కనిపిస్తే మాత్రం ఆగడానికి టైమ్ లేదు. సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అందులో పేర్కొన్న రకం సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి. మీది ఆ కోవలోకి వస్తుందా లేదా అన్నది మీ కంపెనీ లీగల్‌వాళ్లు తేల్చాలి, తేల్చమని అడగాల్సింది మీరు.

కీ మార్చిన తర్వాత, ఆ అబ్బాయి ఫైళ్లలో ఎన్ని దొరికాయో వీలైతే నాకు రాయండి.